విశ్వపౌరుడు ఎవరికి జవాబుదారి?

తిరుపతి అయ్యవారు:

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ తరువాత నన్ను కళాశాలల్లో జరిగే వక్తృత్వ పోటీలకు న్యాయనిర్ణేతగా పిలుస్తున్నారు. ‘నేటి కాలంలో విశ్వపౌరుడు’ అనే అంశాన్ని ఈ మధ్య తరచుగా ఇస్తున్నారు. పిల్లలు ధారాళంగానే మాట్లాడుతున్నారు గాని, వారి మాటల్లో కనిపించే విశ్వపౌరుడు ఎప్పుడూ ఒకే మనిషి. అతనికి మంచి ఇంగ్లీషు వచ్చు, నాలుగు దేశాల్లో ఉద్యోగం చేయగలడు, ఏ విమానాశ్రయంలో దిగినా బెరుకు లేకుండా నడిచి వెళ్లగలడు. దీన్ని ఉద్యోగార్హత అనవచ్చు గాని పౌరసత్వమని నేను అనలేను. పౌరుడన్నవాడు తాను చేసిన పనికి, చేయని పనికి కూడా ఎవరికో ఒకరికి జవాబు చెప్పవలసి ఉంటుంది.

ఈ ప్రశ్న మన పాత చిత్తూరు జిల్లాకు కొత్తది కాదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి ఏర్పాటైన సంస్థను 1929లో హాలండ్‌లోని ఓమెన్‌లో తన అనుయాయుల ఎదుటే రద్దు చేశాడు; జాతీయత మనుషులను విడదీస్తుందని జీవితమంతా చెబుతూ వచ్చాడు. జపాన్, అమెరికా దేశాల్లో జాతీయవాదాన్ని తీవ్రంగా విమర్శిస్తూ ఉపన్యాసాలిచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్, ఆ తరువాత 1919లో మదనపల్లెకు వచ్చి, అక్కడి కళాశాలలో ఉన్న రోజుల్లోనే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆ పాటకు స్వరలిపి రాయడంలో తోడ్పడిన మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్ మహిళ. దేశాన్ని ప్రేమించడానికీ, దేశం దగ్గరే ఆగిపోకుండా ఉండడానికీ మధ్య పొత్తు కుదురుతుందని ఆ ఘటన నాకు చెబుతోంది.

వసుధైవ కుటుంబకమన్న మాట దగ్గరే ఆగిపోకుండా, మీ మీ పనుల్లో, ఊళ్లలో దీన్ని ఎలా చూశారో రాయవలసిందిగా కోరుతున్నాను.

చిత్తూరు న్యాయవాది:

అయ్యవారికి నమస్కారం. నేను ఒక అభ్యంతరంతో మొదలుపెడతాను. పౌరసత్వం చట్టం ఇచ్చేది. విశ్వానికి పార్లమెంటు లేదు, ఓటర్ల జాబితా లేదు, అన్యాయం జరిగితే సామాన్యుడు నేరుగా మెట్లెక్కగల న్యాయస్థానం లేదు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనను జాగ్రత్తగా చదివితే ఈ లోటు అందులోనే కనబడుతుంది. ఏ మనిషైనా ఏ దేశాన్నైనా విడిచి వెళ్లవచ్చుననీ, తన సొంత దేశానికి తిరిగి రావచ్చుననీ 13వ అధికరణం చెబుతుంది. మరో దేశంలో అడుగుపెట్టే హక్కును మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పీడన నుంచి తప్పించుకోవడానికి ఆశ్రయం కోరవచ్చునని 14వ అధికరణం అంటుంది గాని, ఇచ్చి తీరాలని ఏ దేశాన్నీ కట్టడి చేయదు.

జాతీయత కలిగి ఉండడం ప్రతి మనిషి హక్కు అని 15వ అధికరణం ప్రకటించింది. అదే సంవత్సరం, ఆ ప్రకటనకు కొద్ది వారాల ముందు అమలులోకి వచ్చిన సిలోన్ (నేటి శ్రీలంక) పౌరసత్వ చట్టం, తేయాకు తోటల్లో తరాలుగా చెమటోడ్చిన భారత సంతతి తమిళుల్లో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిగా మార్చింది. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే కుదుర్చుకున్న ఒప్పందంలో 5,25,000 మంది భారత్ వంతుకు, 3,00,000 మంది సిలోన్ వంతుకు వచ్చారు; మరో 1,50,000 మంది సంగతి తరువాత చూద్దామని వదిలేశారు. ఆ మనుషులను ఎవరూ అడగలేదు. రెండు ప్రభుత్వాలు కూర్చుని ధాన్యం బస్తాల్లా పంచుకున్నాయి. మిగిలిపోయిన వారి కోసం శ్రీలంక సమగ్రమైన చట్టం చేసింది 2003లో.

1948లోనే గ్యారీ డేవిస్ అనే అమెరికన్ పారిస్‌లో తన పౌరసత్వాన్ని వదులుకుని, తాను ప్రపంచ పౌరుడినని ప్రకటించుకున్నాడు. ఆ తెగింపును గౌరవిస్తాను. కానీ వదులుకోవడానికి ఒక పౌరసత్వం చేతిలో ఉన్నవాడే ఆ పని చేయగలడు. రాజ్యం గుర్తించని మనిషికి విశ్వం ఏమిచ్చిందో ఎవరైనా చూపిస్తే నా అభిప్రాయం మార్చుకుంటాను.

స్వర్ణముఖి (డాలస్):

న్యాయవాది గారి మాట నాకు నేరుగా తగిలింది. నేను తిరుపతిలో పుట్టి పెరిగి, అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడిని. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు గనుక, ఆ రోజుతో నా భారత పౌరసత్వం ముగిసింది. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుతో జీవితాంతం వీసా లేకుండా వచ్చి పోగలను గాని, తిరుపతిలో ఓటు వేయలేను, వ్యవసాయ భూమి కొనలేను. ఇందులో నాకు ఫిర్యాదు లేదు. అయితే ఇక్కడి మిత్రులు తమను తాము విశ్వపౌరులమని చెప్పుకునేటప్పుడు, ఆ సౌకర్యం మా గుణం వల్ల కాకుండా మా పాస్‌పోర్టు వల్ల వచ్చిందని మరచిపోతున్నారని నాకు అనిపిస్తుంది. అయ్యవారు అడిగిన జవాబుదారీ గురించి నిజంగా చెప్పగలిగినవారు, నా కంటే తక్కువ హక్కులతో సరిహద్దు దాటినవారు.

చంద్రగిరి మహిళ:

అన్నా, మీరు చివరన రాసిన వాక్యం చూసి నేను రాస్తున్నాను. నేను కువైట్‌లో కొన్నేళ్లు ఇంటి పని చేసి వచ్చాను, ఇప్పుడు మా పొదుపు సంఘంలో గల్ఫ్‌కు వెళ్లదలచిన ఆడవాళ్లకు కాగితాలు చూసి చెబుతుంటాను. వక్తృత్వ పోటీల్లో మా గురించి ఎవరూ మాట్లాడరు గాని, పీలేరు, రాయచోటి, మదనపల్లె వైపు ఏ ఊరికి వెళ్లినా కువైట్ సంపాదనతో లేచిన ఇల్లు కనిపిస్తుంది.

నన్ను పంపిన ఏజెంటు చెప్పిన పని వేరు, అక్కడ చేయించిన పని వేరు. దిగిన రోజే పాస్‌పోర్టు యజమాని తీసుకున్నాడు. కువైట్‌లో 2015లోనే గృహ కార్మికుల చట్టం వచ్చిందనీ, దాని ప్రకారం వారానికి ఒక రోజు సెలవు ఉండాలనీ, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదనీ, మన పాస్‌పోర్టును మన అంగీకారం లేకుండా ఉంచుకోకూడదనీ నాకు చెప్పింది మా ఏజెంటు కాదు, ప్రభుత్వమూ కాదు; పక్క ఇంట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆమె. ఆమెకు మన భాష రాదు, నాకు ఆమె భాష రాదు, ఇద్దరికీ వచ్చిన కాస్త అరబ్బీలోనే ఆమె నాకు ఇదంతా చెప్పింది. ఇథియోపియా, శ్రీలంక ఆడవాళ్లు కూడా ఆమె దగ్గరికే వచ్చేవారు. తన యజమానికి తెలిస్తే పని పోతుందని తెలిసి కూడా, తనకు ఏమీ కాని మనుషులకు ఆమె ఈ విషయాలు చెప్పింది. అయ్యవారూ, మీరు అడిగిన విశ్వపౌరురాలిని నేను అక్కడ చూశాను.

అయితే న్యాయవాది గారి మాట కూడా నిజమే. 2018 ఫిబ్రవరిలో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం ఖాళీ ఇంట్లో ఫ్రీజర్‌లో దొరికినప్పుడు, వారి ప్రభుత్వం కువైట్‌కు కార్మికులను పంపడం ఆపేసింది. మే నెలకల్లా రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. ఫోన్లు లాక్కోకూడదనే మాట కూడా అందులో చేరింది. ఆ తరువాత ఫిలిప్పీన్స్ ఆడవాళ్ల విషయంలో యజమానులు కొంత జంకడం నేను కళ్లారా చూశాను. మన దేశం గృహ కార్మికుల గురించి కువైట్‌తో అవగాహన ఒప్పందం చేసుకున్నది 2021 జూన్‌లో. మా పక్క ఇంటి ఫిలిప్పీన్స్ ఆమెకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందంటే, వెనుక ఒక దేశం నిలబడిందన్న నమ్మకం నుంచి వచ్చింది. ఆ ధైర్యాన్ని తన దేశం వాళ్లకే దాచుకోకుండా మాకూ పంచడం మాత్రం ఆమె సొంత గొప్పతనం.

బంగారుపాళ్యం రైతు:

అమ్మా, మీ రాత చదివాక నేను కూడా మా సంగతి చెప్పాలనిపించింది. ఊరు విడిచి పెద్దగా వెళ్లినవాడిని కాను గాని, మా తోటలో కాసిన తోతాపురి మామిడి గుజ్జుగా మారి గల్ఫ్‌కూ యూరప్‌కూ వెళ్తుంది. 2023 నవంబరులో ఎర్ర సముద్రంలో నౌకలపై దాడులు మొదలయ్యాక, యూరప్‌కు వెళ్లే ఓడలు ఆఫ్రికా ఖండమంతా చుట్టి పోవలసి వచ్చింది, కిరాయిలు పెరిగాయి. 2025 సీజనులో ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని ప్రకటించి, అందులో 8 ఫ్యాక్టరీలు ఇవ్వాలనీ, 4 తాను ఇస్తాననీ చెప్పవలసి వచ్చింది. ప్రపంచంతో నాకు సంబంధం ఉందా లేదా అని నేను ఎవరినీ అడగనక్కరలేదు. ఆ సంబంధంలో నా మాటకు విలువ ఉందా అన్నదే నా ప్రశ్న.

పంటల మందుల విషయం చూడండి. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగు మందు పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుందన్న ఆందోళనతో యూరోపియన్ యూనియన్ 2020లో దాని అనుమతిని కొనసాగించలేదు. అక్కడ అమ్మే పండులో దాని అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. మంచి నిబంధన. మా దగ్గర కొనేవారు కూడా దాన్ని గట్టిగానే అడుగుతారు. అదే యూనియన్‌లో పారాక్వాట్ అనే గడ్డి మందుకు 2007 నుంచి అనుమతి లేదు; అయినా అది ఏళ్ల తరబడి ఇంగ్లండులో తయారై ఇతర దేశాలకు వెళ్తూనే వచ్చింది. మన దేశంలో అది ఇంకా దొరుకుతుంది. గొంతులోకి పోతే విరుగుడు లేని మందు అది. మన పల్లెల్లో దాని వల్ల పోయిన ప్రాణాల గురించి ఆసుపత్రుల వైద్యులను అడిగితే చెబుతారు. తాగేవాడి గ్లాసులో ఏముండకూడదో చూసే చట్టం ఉంది, పిచికారీ చేసేవాడి ఊపిరితిత్తుల్లోకి ఏం పోతుందో చూసే చట్టం ఆ సరిహద్దు దగ్గరే ఆగిపోయింది. యూరప్‌లో ఒక తల్లి తన బిడ్డకు ఇచ్చే రసం శుభ్రంగా ఉండాలని కోరడం న్యాయమే. ఆ రసం వెనుక ఉన్న కూలీ కూడా శుభ్రమైన గాలి పీల్చాలని ఆమె అడిగిన రోజున నేను ఆమెను విశ్వపౌరురాలు అంటాను.

ఇదే కొలత నాకూ వర్తిస్తుంది. ఎగుమతి పండుకు పాటించే జాగ్రత్త, స్థానిక మండీకి పంపే పండుకు మనలో ఎంతమంది పాటిస్తున్నారు? కార్బైడుతో మాగబెట్టడం నిషేధమని అందరికీ తెలుసు. మన తోట కూలీకి చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ ఇవ్వడానికి ఏ యూరప్ చట్టమూ అవసరం లేదు.

సత్యవేడు:

రైతన్న చివరి మాటలే నేను చెప్పాలనుకున్నవి. నేను మా దగ్గరి పారిశ్రామిక వాడ శ్రీసిటీలో ఒక విదేశీ కర్మాగారంలో పనిచేస్తున్నాను. నాణ్యత ప్రమాణాల శిక్షణలో మాకు ప్రపంచ స్థాయి గురించి ఎంతో చెబుతారు. కానీ మా చుట్టుపక్కల ఊళ్లలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రవాళ్లకు గదులు ఇచ్చే తీరు చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఒక గదిలో ఎంతమందిని పెట్టాలో లెక్క ఉండదు, అద్దె మనిషికి ఇంతని వసూలు చేస్తారు, ఊళ్లో ఏదైనా దొంగతనం జరిగితే మొదట వాళ్ల సంచులే వెతుకుతారు. కువైట్‌లో మనవాళ్ల పాస్‌పోర్టు లాక్కున్నారని కోపం తెచ్చుకునే ఇంటి యజమానే, ఇక్కడ ఆ కుర్రవాడి ఆధార్ కార్డు తన దగ్గర పెట్టుకుంటాడు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. రాష్ట్రం దాటి వచ్చినవాడి హక్కులు గుర్తించడానికే మనకు ఇన్ని దశాబ్దాలు చాలలేదు. సముద్రాలు దాటిన ఆదర్శాల గురించి మాట్లాడే ముందు ఈ గదుల సంగతి తేలాలని నా గట్టి అభిప్రాయం. శ్రీహరికోట నుంచి 2017లో ఒకే రాకెట్టు మీద పంపిన 104 ఉపగ్రహాల్లో 101 ఇతర దేశాలవి. అది మనందరికీ గర్వకారణమే. ఆ ద్వీపంలో తరతరాలుగా బతికిన యానాదులను అంతరిక్ష కేంద్రం కోసం ఖాళీ చేయించారన్న విషయం కూడా ఆ గర్వంతో పాటు పిల్లలకు చెప్పాలి.

తిరుపతి అయ్యవారు:

నాయనా, నీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను గాని, ‘ముందు ఇది, తరువాత అది’ అన్న క్రమాన్ని మాత్రం ఒప్పుకోలేను. మన ఊరి అన్యాయం, సముద్రం అవతలి అన్యాయం చాలాసార్లు ఒకే గొలుసులో ఉంటాయి. మన కళ్లెదుట ఉన్న శేషాచలాన్నే తీసుకుందాం. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దానికి గిరాకీ ప్రధానంగా చైనాలో ఖరీదైన కుర్చీలు, మంచాలు చేయించుకునేవారిది. జపాన్‌లో షామిసెన్ అనే తీగ వాద్యానికి కూడా వాడతారు. అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో దాన్ని 1995లో చేర్చారు, 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. అయినా దొంగ నరుకుడు ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో 20 మంది ఈ అడవిలో చనిపోయారు. వారంతా తమిళనాడు నుంచి కూలికి వచ్చినవారు. దుంగ కొన్న ధనికుడి పేరు ఆ ఘటనకు సంబంధించిన ఏ కాగితంలోనూ మనకు కనిపించదు. అంత దూరపు గిరాకీకి ఇక్కడి కూలీ ప్రాణం ధర అయినప్పుడు, కొనుగోలుదారు ‘నేను నా దేశపు చట్టం మీరలేదు’ అని చేతులు కడుక్కోవడం కుదరదని నేను నమ్ముతున్నాను. నేను వెతుకుతున్న పౌరసత్వం అక్కడే మొదలవుతుంది.

చిత్తూరు న్యాయవాది:

అయ్యవారు చెప్పిన గొలుసును నేను ఒప్పుకుంటున్నాను. కానీ గొలుసులో ప్రతి కొక్కేనికీ ఒక చట్టం, దాన్ని అమలు చేయించే ఒక ఓటు అవసరం. సైటీస్ లేకపోతే విదేశీ రేవుల్లో పట్టుబడిన దుంగలను ఆపే అధికారమే ఉండేది కాదు. చంద్రగిరి అమ్మ చెప్పిన ఫిలిప్పీన్స్‌నే చూడండి. విదేశాల్లో ఉన్న తమ పౌరులు అక్కడి నుంచే ఓటు వేయడానికి ఆ దేశం 2003లో చట్టం చేసింది. ఓటున్న పనిమనిషి మాట మంత్రి వింటాడు. మనం 2010లో ప్రవాస భారతీయులకు ఓటు హక్కు ఇచ్చాం గాని, ఫారం 6ఎతో నమోదు చేసుకున్నా, స్వయంగా వచ్చి పోలింగ్ కేంద్రంలోనే వేయాలి. ప్రతినిధి ద్వారా వేయడానికి వీలు కల్పించే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించింది, రాజ్యసభ ఆమోదం పొందకుండానే 2019లో అది కాలం చెల్లిపోయింది. ఇంటి పని చేసే మనిషి ఓటు కోసం విమానం టిక్కెట్టు కొనగలదా? విశ్వపౌరసత్వం మీద నాకున్న అనుమానం పూర్తిగా పోలేదు గాని, దేశ పౌరసత్వాన్ని సరిహద్దు దాటి పనిచేసేలా మార్చవచ్చునని మాత్రం నమ్ముతాను.

చంద్రగిరి మహిళ:

వకీలు సార్, ఓటు సంగతి మీరు చెబితే తెలిసింది. మా సంఘం తరఫున ఎంపీ గారికి రాయడానికి ఒక అర్జీ మీరు తయారు చేసి ఇవ్వగలరా? సత్యవేడు తమ్ముడు చెప్పిన కుర్రవాళ్ల గదుల గురించి కూడా అదే అర్జీలో రాద్దాం. రెండూ వేరు వేరు విషయాలని నాకు అనిపించడం లేదు. ఇంకో మాట కూడా అడగాలి. వెళ్లేవాళ్లకు వచ్చే ఒప్పంద పత్రం అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని ఎవరు చదివి చెబుతారు?

చిత్తూరు న్యాయవాది:

తప్పకుండా రాసి ఇస్తానమ్మా. అయితే రెండు అర్జీలు వేరుగా ఉండాలి, ఎందుకంటే గదుల విషయం కార్మిక శాఖకూ కలెక్టరుకూ వెళ్లాలి. ఒప్పంద పత్రాల విషయంలో మొదట చూడవలసింది ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ నమోదు ఉందా లేదా అన్నది. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. ముప్పై ఏళ్లు నిండని మహిళలను ఇంటి పనికి గల్ఫ్‌కు పంపడానికి మన నిబంధనలు ఒప్పుకోవు. విజిటింగ్ వీసా మీద పంపుతామంటే అక్కడే అనుమానించాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది, దాని కాగితం నకలు ఇంట్లో ఒకటి ఉంచుకోవాలి. పత్రాలు తీసుకుని మీ సంఘం సమావేశానికి నన్ను పిలవండి, ఇంగ్లీషు భాగం నేను చదివి తెలుగులో రాసి ఇస్తాను.

స్వర్ణముఖి (డాలస్):

అరబ్బీ భాగం నాకు పంపండి. నాతో పనిచేసే ఈజిప్టు మిత్రుడిని అడిగాను, చదివి ఇంగ్లీషులో రాసి ఇస్తానన్నాడు. పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు చెరిపివేసి పంపితే మంచిది.